108లో ఈఎంటీగా చేరాలా? శిక్షణ, ఉద్యోగం, ఆ తర్వాత చదవాల్సిన చదువు గురించి

చెల్లీ, నువ్వు అడిగినవి మూడు. బీజెడ్‌సీతో డిగ్రీ అయిపోయింది, 108లో ఈఎంటీగా, అంటే ఆసుపత్రి చేరేదాకా అంబులెన్స్‌లో పేషెంట్‌ను చూసుకునే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌గా, చేరొచ్చా అన్నది మొదటిది. వారాల్లో ముగిసిపోయే శిక్షణతో నిజంగా ఒకరి ప్రాణం నిలబెట్టగలనా అన్నది రెండోది. నైట్ షిఫ్టులు ఉంటాయని నాన్న వద్దంటున్నారు, ఇందులో ఎదుగుదల ఉందో లేదో కూడా తెలియట్లేదు అన్నది మూడోది. నేను చాలా ఏళ్లు అంబులెన్స్ వెనక భాగంలో పనిచేశాను. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లకు శిక్షణ ఇస్తున్నాను. నీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా రెండింటి జవాబూ అందులోనే ఉంది.

ఆ శిక్షణ నిన్ను బండి ఎక్కడానికి సిద్ధం చేస్తుంది. ఊపిరి ఆడే దారి తెరిచి ఉంచడం, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్‌తో గాలి ఇవ్వడం, ఆగిన గుండెకు ఛాతీ నొక్కే సీపీఆర్, రక్తం ఆపడం, విరిగిన కాలు కదలకుండా స్ప్లింట్ కట్టడం, మెడకు కాలర్ వేయడం, కాన్పు చేయడం, బీపీ, పల్స్, షుగర్, ఆక్సిజన్ శాతం చూడటం, పేషెంట్ కేసు వివరాల రికార్డు (పీసీఆర్) రాయడం నేర్పిస్తారు. ఇవి చిన్న విషయాలు కావు. ఇవి సరిగ్గా వస్తే బతికే మనుషులు చాలామంది ఉన్నారు. కానీ ఏది ఎప్పుడు చేయాలి, ఏది ఎప్పుడు చేయకూడదు అనే తెలివి వారాల్లో రాదు. దాన్ని ఉద్యోగంలో చేరాక నేర్చుకోవాలి. అక్కడ నేర్పే మనిషి ఉన్నాడా లేడా అన్న దాన్ని బట్టే నువ్వు మంచి ఈఎంటీవి అవుతావా, స్ట్రెచర్ మోసే ఉద్యోగిగా మిగిలిపోతావా అన్నది తేలుతుంది.

ఉదాహరణ చెబితే నీకు అర్థమవుతుంది. పత్తి పండే జిల్లాల్లో తరచూ వచ్చే కాల్ ఒకటి ఉంది. "మందు తాగాడు, తొందరగా రండి" అంటారు. కాల్ సెంటర్ నుంచి నీకు వచ్చేది కూడా "పాయిజనింగ్" అన్న ఒక్క మాటే. కానీ ఆ ఇంట్లో ఏ మందు ఉందన్న దాన్ని బట్టి నువ్వు చేయాల్సిన పని తలకిందులవుతుంది.

మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి పురుగుల మందు అయితే మనిషి నోట్లోంచి లాలాజలం కారుతుంది, ఒళ్లంతా చెమట, కంటిపాపలు సూది మొనంత అయిపోతాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టు గురగుర వినిపిస్తుంది. ఇక్కడ నోట్లో చేరిన నీటిని లాగేసే సక్షన్ చేయాలి, ఆక్సిజన్ ఇవ్వాలి, మందు అంటిన బట్టలు తీసేసి ఒళ్లు సబ్బుతో కడిగించాలి, 108 కాల్ సెంటర్‌లో ఉండే ఈఆర్‌సీపీ డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ గురించి అడగాలి. నీ చేతులకు గ్లౌజులు ఉండాలి, బండి కిటికీలు తెరిచి ఉండాలి.

అదే గడ్డి మందు, అందులోనూ పారాక్వాట్ అయితే, మనిషి మొదట్లో బాగానే కూర్చుని మాట్లాడతాడు. నోరు మండుతోందంటాడు, వాంతి చేసుకుంటాడు, అంతే. చుట్టూ ఉన్నవాళ్లు "ఆక్సిజన్ పెట్టండి మేడమ్" అని గట్టిగా అరుస్తారు. కానీ పారాక్వాట్ ఊపిరితిత్తుల్లో చేరి, అక్కడున్న ఆక్సిజన్‌తోనే కణజాలాన్ని కాల్చేస్తుంది. అవసరం లేని ఆక్సిజన్ ఇస్తే ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. రక్తంలో ఆక్సిజన్ శాతం బాగా పడిపోతే తప్ప మాస్క్ పెట్టకూడదు. దీనికి విరుగుడు మందు కూడా లేదు, కాబట్టి తొందరగా పెద్దాసుపత్రికి చేర్చడమే నీ చేతిలో ఉన్నది. మళ్లీ గడ్డి మందు అన్నదల్లా పారాక్వాట్ కాదు, గ్లైఫోసేట్ కూడా గడ్డి మందే. అందుకే ఇంట్లోకి అడుగుపెట్టగానే డబ్బా ఎక్కడుందని అడగాలి, దాన్ని బండిలో వేసుకోవాలి, లేబుల్ ఫోటో తీసి డాక్టర్‌కు చెప్పాలి. నువ్వు వెళ్లేసరికి ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం జరుగుతూ ఉంటే ముందు దాన్ని ఆపించాలి. స్పృహ తగ్గుతున్న మనిషికి ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే మందు కంటే అదే ముందు చంపుతుంది.

అరుస్తున్న పాతికమంది మధ్య నిలబడి "ఆక్సిజన్ ఇప్పుడు వద్దు" అని చెప్పాలంటే కారణం నీకు తెలిసి ఉండాలి. ఆంపౌల్ పగలగొట్టి ఇంజెక్షన్ చేయడం నాలుగు రోజుల్లో ఎవరైనా నేర్చుకుంటారు. చదువు అవసరమయ్యేది ఇలా వద్దని చెప్పాల్సిన చోట.

జనం ఒత్తిడి ఈ ఉద్యోగంలో ప్రతిరోజూ ఉంటుంది. గుండె ఆగిపోయిన కేసులో అది మరీ ఎక్కువ. నువ్వు దిగీ దిగగానే "ఎక్కించండి, ఎక్కించండి" అంటారు. అక్కడ నేల మీద పెట్టి సీపీఆర్ చేస్తుంటే టైమ్ వేస్ట్ చేస్తోందనుకుంటారు. కానీ లెక్క చూడు. బండిలో ఉండేది ఇద్దరు, నువ్వూ, పైలట్ అని మేం పిలిచే డ్రైవరూ. బండి కదిలిందంటే పైలట్ స్టీరింగ్ దగ్గర ఉంటాడు, వెనక నువ్వు ఒక్కదానివే. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు ఛాతీ నొక్కాలి, 30 సార్లు నొక్కాక 2 సార్లు గాలి ఇవ్వాలి. మలుపుల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇది ఎవరి వల్లా కాదు. రెండు నిమిషాలకే నొక్కే లోతు తగ్గిపోతుంది. అందుకే ఏఈడీ, అంటే గుండె లయ చూసి షాక్ ఇచ్చే మెషీన్, పెట్టి, షాక్ అవసరమైతే ఇచ్చి, పైలట్, నువ్వూ రెండు నిమిషాలకోసారి మారుతూ మంచి సీపీఆర్ అక్కడే చేయడం చాలా కేసుల్లో మేలు. డాక్టర్‌ను లైన్లోకి తీసుకుని ఎప్పుడు కదలాలో అడగాలి.

యాక్సిడెంట్‌లో లోపల రక్తం కారుతున్న మనిషి విషయంలో మాత్రం ఇది పూర్తిగా ఎదురు. ఆ రక్తం ఆగేది ఆపరేషన్ థియేటర్‌లోనే. సీన్ దగ్గర నువ్వు ఖర్చు చేసే ప్రతి నిమిషం అతని నుంచి తీసుకున్నదే. ఊపిరి దారి చూడాలి, పైకి కనిపించే రక్తస్రావాన్ని గట్టిగా నొక్కి కట్టాలి, మెడను కాపాడాలి, కదలాలి. సెలైన్ పెట్టడం కోసం పది నిమిషాలు నరం వెతుకుతూ రోడ్డు పక్కన నిలబడకూడదు, దారిలో ప్రయత్నించొచ్చు. ఒకచోట ఆగాలి, ఇంకోచోట ఆగకూడదు. చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

కొన్ని చిన్న విషయాలు కూడా ఇలాంటివే. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయిన మనిషిని చూడగానే పక్షవాతం అనుకుంటాం. షుగర్ బాగా పడిపోయినా కొందరిలో అచ్చం ఇలాగే ఉంటుంది. వేలి చివర ఒక చుక్క రక్తంతో గ్లూకోమీటర్ ఆ తేడా చెప్పేస్తుంది. షుగర్ సరిగ్గానే ఉండి అది పక్షవాతమే అయితే నువ్వు అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న, "చివరిసారి బాగా ఉన్నట్టు ఎవరు చూశారు, ఎన్ని గంటలకు?" రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి మామూలుగా ఉన్న గడువు నాలుగున్నర గంటలు. ఆ గడువు లక్షణాలు కనిపించిన టైమ్ నుంచి కాదు, చివరిసారి బాగా ఉన్న టైమ్ నుంచి లెక్క. రాత్రి పదికి బాగానే పడుకుని తెల్లారి ఆరుకు మూతి వంకరతో లేస్తే, రాత్రి పదే లెక్క. బంధువులు తర్వాత ఆసుపత్రికి రావడానికి గంట పట్టొచ్చు, ఈలోపు డాక్టర్‌కు ఆ సమాధానం నీ దగ్గరే దొరకాలి. అలాగే కట్లపాము. నేల మీద పడుకున్న మనిషిని రాత్రి కాటేస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటాడు, రెప్పలు వాలిపోతుంటాయి, మాట ముద్దగా వస్తుంది. దాన్ని గ్యాస్ నొప్పి అనుకుంటే దారిలోనే ఊపిరి ఆగుతుంది. రెప్పలు వాలడం గమనించినదానివైతే ఆంబూ బ్యాగ్ చేతిలో సిద్ధంగా పెట్టుకుంటావు, యాంటీ స్నేక్ వెనమ్, వెంటిలేటర్ రెండూ ఉన్న ఆసుపత్రికి ముందే ఫోన్ చేయిస్తావు.

కాన్పు గురించి నువ్వు ప్రత్యేకంగా భయపడుతున్నానని రాశావు. కొత్తవాళ్లందరికీ ఆ భయం ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. ఏజెన్సీలో, అంటే భద్రాద్రి, ఆసిఫాబాద్, పాడేరు వైపు, బండి వెళ్లే రోడ్డు దాకా గర్భిణిని డోలీలో మోసుకొస్తారు. అప్పటికే నొప్పులు బాగా ముదిరి ఉంటాయి. బిడ్డ తల కనిపిస్తుంటే బండి పక్కకు ఆపించు, కదిలే బండిలో కాన్పు చేయొద్దు. పొత్తికడుపు పైనుంచి నొక్కొద్దు, మాయను లాగొద్దు. బిడ్డ పుట్టగానే తుడిచి, తల్లి ఛాతీ మీద వేసి ఇద్దరికీ కలిపి కప్పు. ఏడవని, ఊపిరి తీసుకోని బిడ్డకు మొదటి నిమిషంలోనే ఆంబూ బ్యాగ్‌తో గాలి మొదలవ్వాలి. కడుపులో ఇంకో బిడ్డ లేదని చూసుకుని తల్లికి రక్తస్రావం తగ్గించే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఇస్తారు. ఆ తర్వాత చాలామంది బిడ్డను చూసుకుంటూ తల్లిని మర్చిపోతారు. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. గర్భసంచి గట్టిపడిందా లేదా అని చేత్తో చూస్తూనే ఉండాలి, మెత్తగా ఉంటే మసాజ్ చేయాలి. కింద పరిచిన చీరా, దుప్పటీ ఎంత రక్తం పీల్చుకున్నాయో పైకి తెలియదు. అందుకే వాటిని ఎత్తి చూడాలి, పల్స్ పెరుగుతోందా అని ఐదు నిమిషాలకోసారి చూడాలి.

నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన విషయం ఇప్పుడు చెబుతాను. డాక్టరుకు, నర్సుకు తను చూసిన పేషెంట్ మర్నాడు వార్డులో కనిపిస్తాడు. మనకు కనిపించడు. క్యాజువాలిటీలో దించేశాక ఇంకో కేసు పడుతుంది, వెళ్లిపోతాం. మనం పక్షవాతం అనుకున్నది పక్షవాతమేనా? మనం వేసిన కాలర్ పనికొచ్చిందా? ఆ తల్లి ఇంటికి వెళ్లిందా? ఏదీ తెలియదు. తెలియకపోతే తప్పుగా చేసినదాన్నే ఏళ్ల తరబడి నమ్మకంగా చేస్తూ ఉంటాం. సర్వీసు పెరిగినకొద్దీ నైపుణ్యం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో ఫలితం తెలుసుకున్నవాళ్లకే అది పెరిగింది.

ఈ వృత్తి చరిత్రలో నేను శిక్షణకు వచ్చేవాళ్లకు తప్పకుండా చెప్పే ఘట్టం ఒకటుంది. 1967లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అనే అంబులెన్స్ సర్వీసు మొదలైంది. అప్పట్లో అక్కడ అంబులెన్స్ పని చాలావరకు పోలీసు వ్యాన్లదీ, శవాలను మోసే బండ్లదీ. హిల్ డిస్ట్రిక్ట్ అనే పేద నల్లజాతి పేటలో ఉద్యోగాలు లేని యువకులను తీసుకుని, సీపీఆర్‌కు మార్గం వేసిన డాక్టర్ పీటర్ సేఫర్ వాళ్లకు సుమారు 300 గంటల శిక్షణ ఇప్పించారు. కొందరికి హైస్కూలు చదువు కూడా పూర్తి కాలేదు. తర్వాత డాక్టర్ నాన్సీ కరోలిన్ వాళ్లకు మెడికల్ డైరెక్టర్‌గా వచ్చారు. ఆమె వాళ్లతో పాటు బండిలో తిరిగారు, చేసిన పనిని పక్కనుండి చూసి చెప్పారు. 1975లో ఆ సర్వీసును నగరపాలక సంస్థ మూసేసింది కానీ, అక్కడి అనుభవంతో ఆమె రాసిన పాఠ్యప్రణాళికే అమెరికా అంతటికీ పారామెడిక్ చదువుకు పునాది అయింది. డిగ్రీలు లేని మనుషులను ఆ స్థాయికి తెచ్చింది, పక్కన కూర్చుని ఎందుకిలా చేశావని అడిగే డాక్టర్ ఉండటమే.

మన దగ్గర 108 మొదలైంది 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో. ఒక్క ఫోన్ కాల్‌తో, డబ్బు అడగకుండా, శిక్షణ పొందిన మనిషితో బండి ఇంటి ముందుకు రావడం మన పల్లెలు అప్పుడే మొదటిసారి చూశాయి. చాలా రాష్ట్రాలు ఆ నమూనానే తీసుకున్నాయి. కాల్ సెంటర్‌లో ఈఆర్‌సీపీ డాక్టర్ ఉండటం అందులో చాలా మంచి ఏర్పాటు. ఆ డాక్టర్‌ను మందు ఇవ్వడానికి అనుమతి కోసం మాత్రమే వాడుకోవద్దు. కేసు అయిపోయాక తీరిక దొరికితే "సార్, అక్కడ నేను ఇలా చేశాను, వేరేలా చేయాల్సిందా?" అని అడుగు. చాలామంది సంతోషంగా చెబుతారు. మన దగ్గర లేనిది నాన్సీ కరోలిన్ చేసిన పని, అంటే బండి ఎక్కి పక్కనుండి నేర్పే డాక్టర్. బండ్లు పెంచడానికి పెట్టే ఖర్చులో కొంత దీనికి పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. ప్రతి జిల్లాకు ఒక ఎమర్జెన్సీ మెడిసిన్ డాక్టర్ వారంలో ఒక పూట మన పీసీఆర్‌లు ముందు పెట్టుకుని మాట్లాడితే చాలు, ఏడాదిలో తేడా కనిపిస్తుంది.

అది వచ్చేదాకా నువ్వే చేసుకోవాలి. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. పేషెంట్ పేరు, ఊరు ఏమీ రాయొద్దు. వయసు, నువ్వు చూసింది, అనుకున్నది, చేసింది రాయి. మళ్లీ అదే ఆసుపత్రికి వెళ్లినప్పుడు స్టాఫ్ నర్సును అడుగు, ఆ కేసు ఏమైందని. మొదట్లో విసుక్కుంటారు. నాలుగుసార్లు అడిగాక నువ్వు ఎందుకు అడుగుతున్నావో వాళ్లకే అర్థమవుతుంది. నా దగ్గర శిక్షణ తీసుకున్నవాళ్లలో బాగా పైకొచ్చినవాళ్లు ఈ అలవాటు ఉన్నవాళ్లే. మీ పైలట్‌తో కూడా మాట్లాడు. ఏ ఊరికి ఏ దారి, ఏ రైల్వే గేటు ఎప్పుడు పడుతుందన్నది అతనికి తెలుసు, సీన్ దగ్గర నీకు కనిపించనిది కూడా అతను చూసి ఉంటాడు.

హ్యాండోవర్ గురించి, అంటే పేషెంట్‌ను ఆసుపత్రికి అప్పగించడం గురించి కూడా చెప్పాలి. మనకూ ఆసుపత్రులకూ గొడవలు వచ్చేది అక్కడే. స్ట్రెచర్ ఖాళీ లేదంటారు, బెడ్ లేదంటారు, ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లమంటారు. మన స్ట్రెచరే గంటసేపు అక్కడ ఇరుక్కుపోతుంది, ఆలోపు మన మండలంలో ఇంకో కాల్‌కు బండి ఉండదు. ఆ డ్యూటీ డాక్టర్ ముందు ఒకేసారి పదిమంది ఉంటారన్నది కూడా నిజం. ఆయనకు నువ్వు అర నిమిషంలో చెప్పాలి: వయసు, ఏం జరిగింది, ఎన్నింటికి, నువ్వు చూసిన గాయాలు లేదా లక్షణాలు, బీపీ, పల్స్, ఆక్సిజన్, షుగర్, నువ్వు ఇచ్చినవి, ఇచ్చాక వచ్చిన మార్పు. ఇంత సూటిగా చెప్పే ఈఎంటీ మాటకు విలువ దానంతట అదే వస్తుంది. ఒక విషయం మాత్రం గుర్తుపెట్టుకో. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు చికిత్స చేయాలి, పోలీసు కాగితాల పేరుతో ఆపకూడదని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసు అనే కారణంతో వెనక్కి పంపుతుంటే గొంతు పెంచకుండా ఈ మాట చెప్పు, కాల్ సెంటర్ డాక్టర్‌తో మాట్లాడించు, పీసీఆర్‌లో టైమ్‌తో సహా రాయి.

ఇక నీ ఒంటి సంగతి. బరువులు ఎత్తడంతో నడుము పోగొట్టుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. అపార్ట్‌మెంట్ మెట్ల మీద స్ట్రెచర్ పట్టదు, దుప్పట్లో మోయాలి. బంధువుల్లో నలుగురిని పిలిచి ఎవరు ఎక్కడ పట్టుకోవాలో చెప్పు, ఒంటరిగా ఎత్తొద్దు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. ఉద్యోగంలో చేరకముందే మొదలుపెట్టు. సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బునీళ్లతో కడిగి, అదే పూట ప్రభుత్వాసుపత్రికి వెళ్లు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలవ్వాలి. వెనక కూర్చున్నప్పుడు, పేషెంట్‌కు ఏమీ చేయాల్సిన పని లేని ప్రతి నిమిషం బెల్ట్ పెట్టుకో. అంబులెన్స్ యాక్సిడెంట్లలో వెనక ఉన్నవాళ్లకే దెబ్బలు ఎక్కువ తగులుతాయి.

మనసు సంగతి కూడా అంతే ముఖ్యం. చిన్నపిల్లల చావులు, ఉరి కేసులు, కాలిన గాయాలు చూశాక నిద్ర పట్టదు. అది బలహీనత కాదు. కేసు అయ్యాక బండి కడిగే టైమ్‌లో పైలట్‌తో ఆ కేసు గురించే మాట్లాడుకోండి. ఎక్కువ రోజులు అదే కళ్ల ముందు తిరుగుతుంటే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కు ఫోన్ చెయ్యి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు భవిష్యత్తు గురించి. జీతం మొదట్లో తక్కువ, పని గంటలు ఎక్కువ. ఉద్యోగం సాధారణంగా ప్రభుత్వంలో కాదు, టెండర్ దక్కించుకున్న నిర్వాహక సంస్థలో. టెండర్ మారినప్పుడల్లా సర్వీసు లెక్క, బకాయిలు, గ్రాట్యుటీ గురించి టెన్షన్ ఉంటుంది. అపాయింట్‌మెంట్ లెటర్, ప్రతి నెలా పే స్లిప్, పీఎఫ్ నంబరు జాగ్రత్తగా దాచుకో. ఈ మాటలు నిన్ను భయపెట్టడానికి కాదు, చేరకముందే తెలిసి ఉండాలని.

అంతకంటే పెద్ద విషయం ఒకటుంది. 2021లో పార్లమెంటు నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం తెచ్చింది. దాని షెడ్యూల్‌లో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ అంటే పారామెడిక్ పేరు ఉంది. మన పనికి చట్టంలో ఒక వృత్తిగా పేరు రావడం చాలా పెద్ద అడుగు. కానీ ఆ చట్టం ప్రకారం అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అంటే రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అంటే మూడు నుంచి ఆరేళ్లలో 3,600 గంటలు. వారాల శిక్షణ ఆ లెక్కకు దరిదాపుల్లో కూడా లేదు. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి పారామెడిక్‌గా రిజిస్టర్ అయ్యేందుకు గుర్తింపు పొందిన కోర్సు డిగ్రీ స్థాయిలో ఉండాలన్నారు. అన్నిచోట్లా దారి అటే పోతోంది. కాబట్టి 108లో చేరినా, ఆ సర్టిఫికెట్‌తో ఆగిపోవద్దు. నీకు బీజెడ్‌సీ ఉంది కాబట్టి ఎమర్జెన్సీ కేర్‌లో పీజీ డిప్లొమా గానీ, ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీలో బీఎస్సీ గానీ చూసుకో. కాలేజీ వాళ్లు చెప్పే మాట వినడం కాదు, ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వెబ్‌సైట్లలో ఆ కాలేజీకి ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో నువ్వే చూడు. సొంత ఆసుపత్రి గానీ, రద్దీగా ఉండే క్యాజువాలిటీతో ఒప్పందం గానీ లేని కాలేజీలో చేరొద్దు. బొమ్మల మీద నేర్చుకున్నది మనుషుల దగ్గరికి వచ్చేసరికి సగం కూడా మిగలదు.

గల్ఫ్ గురించి చాలామంది అడుగుతారు. దుబాయ్‌కి, సౌదీకి వెళ్లాలంటే గుర్తింపు ఉన్న డిప్లొమా లేదా డిగ్రీ, అనుభవం, డేటాఫ్లో అనే సంస్థ ద్వారా సర్టిఫికెట్ల తనిఖీ, ఆ దేశపు లైసెన్స్ పరీక్ష ఉండాలి. వీటితో పాటు బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ అనే ప్రాణరక్షణ కోర్సులు కూడా అడుగుతారు, అవి రెండేళ్లకోసారి మళ్లీ చేయాలి. చిన్న శిక్షణ సర్టిఫికెట్‌తో పారామెడిక్ వీసా ఇప్పిస్తానన్న ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. ఇక్కడే ఉండాలనుకుంటే ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలు, ఫార్మా, స్టీల్ పరిశ్రమల్లోని వైద్య కేంద్రాలు, విమానాశ్రయాలు, కాల్ సెంటర్, శిక్షణ విభాగం ఉన్నాయి.

నాన్నగారి భయం అర్థం లేనిది కాదు. రాత్రిపూట తాగి ఉన్న గుంపు దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది, కొన్ని బేస్‌లలో, అంటే కాల్ వచ్చేదాకా బండి ఆగి ఉండే చోట్లలో, ఆడవాళ్లకు సరైన టాయిలెట్ కూడా ఉండదు. ఇది మారాలని అడగడం మన హక్కు. గుంపు మరీ మీద పడుతుంటే పోలీసులు వచ్చేదాకా బండి కొంచెం దూరంగా ఆపే హక్కు నీకుంది, అది పిరికితనం కాదు, శిక్షణలో నేర్పే మొదటి పాఠం: సీన్ సేఫ్‌గా ఉందో లేదో ముందు చూడాలి. అయితే ఆడ ఈఎంటీ వచ్చిందని తెలిసి ఊపిరి పీల్చుకునే గర్భిణులను నేను ఎందరినో చూశాను. మగవాళ్లకు చెప్పుకోలేక దాచిపెట్టిన రక్తస్రావాన్ని వాళ్లు మనకు చెబుతారు. అది కూడా నాన్నకు చెప్పు. వీలైతే షిఫ్టు మారే వేళ మీ దగ్గరి బేస్‌కు ఆయన్ను తీసుకెళ్లి, అక్కడి సిబ్బందితో పది నిమిషాలు మాట్లాడించు.

కాబట్టి చేరొచ్చా అంటే, చేరొచ్చు. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు మాత్రం నువ్వు కూడా కొన్ని ప్రశ్నలు అడుగు. శిక్షణలో క్యాజువాలిటీలో, లేబర్ రూమ్‌లో ఎన్ని రోజులు ఉంచుతారు? మొదటి నెల నాతో పాటు బండిలో సీనియర్ ఉంటారా, నేరుగా ఒంటరిగా పంపిస్తారా? రిఫ్రెషర్ శిక్షణ ఎంత కాలానికోసారి, ఆ రోజులకు జీతం ఉంటుందా? సూది గుచ్చుకుంటే, దెబ్బ తగిలితే ఎవరికి ఫోన్ చేయాలి, ఆ ఖర్చు ఎవరిది? నాకు వేసే బేస్‌లో టాయిలెట్, తలుపు వేసుకునే గది ఉన్నాయా? సీనియర్ ఉండరు, మొదటి రోజు నుంచే ఒంటరిగా పంపిస్తాం అంటే ఆ చోట చేరకు, తర్వాతి నోటిఫికేషన్ దాకా ఆగు. ఈలోపు బీఎల్ఎస్ కోర్సు, హెపటైటిస్ టీకా మొదటి డోసు పూర్తి చేసుకో.